సొంత చెరువులో హైబ్రిడ్ సన్‌ఫిష్ పెంచడం ఎలా

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా టెక్సస్‌లో, నగరానికి దూరంగా నాలుగైదు ఎకరాల భూమి కొనుక్కున్నవారికి ఆ భూమితో పాటే ఒక చిన్న చెరువు కూడా దక్కడం మామూలే. పశువుల నీళ్ల కోసం ఎప్పుడో పల్లానికి అడ్డంగా మట్టికట్ట పోసి నిలిపిన ఆ చెరువు అరెకరమే ఉన్నా, అందులో ఇంటిల్లిపాదికీ సరిపడా చేపలు పెంచుకోవచ్చు. ఎకరం లోపు చెరువుకు అన్నిటికంటే తగిన చేప హైబ్రిడ్ సన్‌ఫిష్, అంటే సన్‌ఫిష్ అనే అమెరికా మంచినీటి చేపల్లో రెండు జాతులను కలిపి పుట్టించిన సంకర చేప అని నా అభిప్రాయం. అయితే ఒక మాట ముందే గట్టిగా చెప్పాలి: ఇది ఒకసారి వదిలితే తరతరాలు తనంతట తాను సాగిపోయే చేప కాదు. పిల్లలను వేయాలి, పెంచాలి, పట్టుకోవాలి, మళ్లీ కొత్త పిల్లలను వేయాలి. దీన్ని పంటగా చూసినవారికి ఫలితం దక్కుతుంది. చెరువులో అదే పెరిగి అదే వృద్ధి చెందుతుందని వదిలేసినవారికి నాలుగైదేళ్లలో వేలెడంత చేపలతో కిక్కిరిసిన నీళ్లు మిగులుతాయి.

గోదావరి, కృష్ణా జిల్లాల చేపల చెరువులు చూసి పెరిగినవారికి ఈ సంగతి కొత్తగా అనిపించవచ్చు. శీలావతి, బొచ్చె నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు. వాటికి ఏటి ప్రవాహం కావాలి, లేదా హేచరీలో ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాలి. అందువల్ల అక్కడి రైతు ఎన్ని పిల్లలు వేస్తే చెరువులో అన్ని చేపలే ఉంటాయి. సన్‌ఫిష్ జాతులు అలా కాదు. అవి నిలవ నీటిలోనే, ఏడాది వయసుకే, ఒకే వేసవిలో పలుమార్లు గుడ్లు పెడతాయి. ఈ అధిక సంతానాన్ని అదుపు చేయడానికే హైబ్రిడ్‌ను వాడతారు. ఇకపై చెప్పబోయే పనుల్లో చాలావరకు ఆ అదుపు కోసమే.

ముందుగా చేపను తెలుసుకోండి

హేచరీలు హైబ్రిడ్ బ్లూగిల్ అనే పేరుతో అమ్మే చేప సాధారణంగా మగ బ్లూగిల్‌కూ ఆడ గ్రీన్ సన్‌ఫిష్‌కూ పుట్టినది. ఈ జోడీకి పుట్టే పిల్లల్లో నూటికి 80 నుంచి 95 దాకా మగవే ఉంటాయి. ఇలినాయ్ నేచురల్ హిస్టరీ సర్వే 1967లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బ్లూగిల్, గ్రీన్ సన్‌ఫిష్, రెడియర్, వార్‌మౌత్ అనే నాలుగు జాతులను ఒకదానితో ఒకటి సంకరం చేయించి, పిల్లల్లో ఆడ, మగ నిష్పత్తినీ సంతాన సామర్థ్యాన్నీ పరిశీలించారు. ఈ చేపలు గొడ్డువి అని కొందరు అమ్మకందారులు చెప్పే మాట నిజం కాదు. ఆడవి తక్కువ కాబట్టి పిల్లలు తక్కువ పుడతాయి, అంతే. ఆ పుట్టిన రెండో తరం పిల్లల్లో మొదటి తరం చురుకుదనం, ఎదుగుదల కనిపించవు. చాలావాటికి గ్రీన్ సన్‌ఫిష్ పోలికలే వస్తాయి.

మూడు చేపలనూ అరచేతిలో పట్టుకుని చూసి గుర్తుపట్టడం నేర్చుకోవడం మీకు తప్పనిసరి. బ్లూగిల్ నోరు చాలా చిన్నది, చెంప పక్కనుండే రెక్క పొడవుగా మొన తేలి ఉంటుంది, వీపు రెక్క వెనుక భాగం అడుగున ఒక నల్ల మచ్చ ఉంటుంది. గ్రీన్ సన్‌ఫిష్ నోరు పెద్దది, దవడ కంటి కిందిదాకా సాగుతుంది, చెంపల మీద నీలి ఆకుపచ్చ గీతలు మెలికలు తిరిగి ఉంటాయి, పక్క రెక్క పొట్టిగా, కొస గుండ్రంగా ఉంటుంది. హైబ్రిడ్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది: బ్లూగిల్ కంటే నోరు పెద్దది, ఒళ్లు దిట్టమైనది, రెక్కల అంచుల్లో పసుపు లేదా నారింజ ఛాయ కనిపిస్తుంది. పిల్లలు కొనేటప్పుడు ఏ మగకూ ఏ ఆడకూ పుట్టినవో హేచరీవారిని అడగండి. జవాబు తేలిగ్గా చెప్పలేనివారి దగ్గర కొనకండి.

చెరువును కొలిచి, ఖాళీ చేయండి

అన్ని లెక్కలూ నీటి విస్తీర్ణం మీదే ఆధారపడతాయి కాబట్టి మొదట టేపు పట్టుకుని చెరువు కొలవండి. సగటు పొడవును సగటు వెడల్పుతో అడుగుల్లో గుణించి 43,560తో భాగిస్తే ఎకరాలు వస్తాయి. 150 అడుగుల పొడవు, 145 అడుగుల వెడల్పు ఉన్న చెరువు దాదాపు అరెకరం. కంటి అంచనాతో అరెకరం చెరువును ఎకరం అనుకుని రెట్టింపు పిల్లలు వేసేవారు ఎక్కువ, ఆ పొరపాటును తరువాత ఎంత మేతతోనూ సరిదిద్దలేరు. లోతు కూడా చూడండి. కనీసం నాలుగో వంతు భాగంలో ఎనిమిది అడుగుల నీళ్లు ఉంటే ఎండాకాలం నీరు తగ్గినా చేపలకు చోటు ఉంటుంది. ఒడ్డు ఒక్కసారిగా దిగాలి. మూడు అడుగుల దూరానికి ఒక అడుగు లోతు చొప్పున వాలు ఉంటే అంచుల్లో తుంగ, నాచు పెరగడానికి వీలు తక్కువ. కట్ట, అలుగు గురించి సందేహాలుంటే అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్ స్థానిక కార్యాలయాన్ని అడగండి. 1935లో నేల పరిరక్షణ కోసం మొదలైన ఆ సంస్థ పొలం చెరువుల విషయంలో రైతులకు సలహా ఇస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని. చెరువులో ఇప్పటికే బ్లూగిల్ గానీ గ్రీన్ సన్‌ఫిష్ గానీ ఉంటే హైబ్రిడ్‌ను అందులో వేయడం డబ్బు నీళ్లలో పోయడమే. హైబ్రిడ్ మగచేపలు అక్కడున్న ఆడ బ్లూగిల్‌తో, ఆడ గ్రీన్ సన్‌ఫిష్‌తో కలుస్తాయి, ఆడవి తక్కువగా ఉండడం వల్ల వచ్చే ప్రయోజనం మొత్తం పోతుంది. కాబట్టి పాత చెరువైతే నీళ్లు పూర్తిగా తోడించి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టండి. గ్రీన్ సన్‌ఫిష్ మహా మొండి చేప. చెరువు నడుమ మడుగంత నీరు మిగిలినా అందులో రోజుల తరబడి బతుకుతుంది. ఆ మడుగులనూ తోడించాలి. ఎండబెట్టడం కుదరని చెరువుల్లో రోటెనోన్ అనే మందు వాడతారు. కొన్ని మొక్కల వేళ్ల నుంచి తీసే ఆ మందు చేపల ఊపిరిని ఆపేస్తుంది. అమెరికాలో దాన్ని లైసెన్సు ఉన్నవారు మాత్రమే కొని వాడాలి, కాబట్టి మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (రైతులకు సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) ద్వారా అర్హత ఉన్న వ్యక్తిని పిలిపించుకోండి, సొంత ప్రయోగాలు చేయకండి.

చెరువు ఖాళీ చేశాక కూడా దారులు మిగిలే ఉంటాయి. పైన మరో చెరువు ఉంటే వాన పొంగినప్పుడు దాని చేపలు మీ చెరువులోకి దిగుతాయి. అలుగు కింది వాగు నుంచి కూడా ఎగువకు ఈదుకొస్తాయి. అలుగు దగ్గర రెండు మూడు అడుగుల నిలువు దూకుడు ఉండేలా కట్టిస్తే కింది నుంచి చేపలు ఎక్కలేవు. గాలానికి ఎరగా కొన్న చిన్న చేపలు మిగిలితే చెరువులో పోసే అలవాటు ఇంటికి వచ్చిన అతిథులకు ఉంటుంది. ఆ బకెట్‌లో ఒక్క జత గ్రీన్ సన్‌ఫిష్ ఉన్నా మీ శ్రమ వృథా. వాళ్లకు మర్యాదగానే, ముందుగానే చెప్పండి.

నీటిని సిద్ధం చేయడం

కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో గానీ విశ్వవిద్యాలయ పరీక్షాశాలలో గానీ నీటి నమూనా ఇచ్చి ఆల్కలినిటీ (నీటి క్షార గుణం) ఎంతో తెలుసుకోండి. లీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే వ్యవసాయ సున్నపురాయి పొడి వేయాలి. ఎకరానికి ఒకటి రెండు టన్నులు సాధారణమే అయినా, అడుగు మట్టి పరీక్ష చెప్పిన మోతాదే సరైనది. డాలస్ చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో సున్నం సహజంగానే ఉంటుంది కాబట్టి అక్కడ దీని అవసరం అరుదు. తూర్పు టెక్సస్ పైన్ అడవుల ఆమ్ల నేలల్లో మాత్రం తరచూ పడుతుంది. చెరువు ఎండి ఉన్నప్పుడే పొడిని అడుగంతా సమంగా చల్లించడం అన్నివిధాలా సులభం.

ఏడాది పొడవునా నీరు బురద రంగులో ఉంటే ఒక గాజు సీసాలో పట్టి వారం పాటు కదపకుండా ఉంచండి. మట్టి అడుగుకు దిగితే పశువులు తొక్కడమో గట్టు కోతో కారణం. అది సరిచేస్తే చాలు. వారమైనా తేరుకోకపోతే బంకమట్టి రేణువులు నీటిలో వేలాడుతున్నాయని అర్థం, దానికి జిప్సం వేస్తారు. నీటి మొక్కలు చెరువులో ఐదో వంతుకు మించకుండా చూడండి. గుబురుగా పెరిగిన నాచులో రెండో తరం పిల్లలు దాక్కుంటే వాటిని తినవలసిన పెద్ద చేపలకు అవి అందవు. కలుపు మందు వాడవలసి వస్తే ఒకేసారి చెరువంతా వేయకండి, నాలుగో వంతు చొప్పున విడతలుగా వేయండి. చచ్చిన మొక్క కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. నాచు తినే ట్రిప్లాయిడ్ (పిల్లలు పెట్టలేని) గ్రాస్ కార్ప్ చేపకు టెక్సస్‌లో అనుమతి పత్రం తప్పనిసరి. మిగతా రాష్ట్రాల్లో నియమాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఏ చేప వేసే ముందైనా మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖను అడగండి.

పిల్లలను వేయడం

శరదృతువులో, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో నీరు చల్లబడ్డాక, రెండు మూడు అంగుళాల హైబ్రిడ్ పిల్లలను వేయండి. మేత వేసే ఉద్దేశం ఉంటే అరెకరానికి 350 నుంచి 400, మేత వేయని చెరువైతే 250 చాలు. తరువాతి జూన్‌లో, చిన్న చేపలను వేటాడి తినే లార్జ్‌మౌత్ బాస్ అనే చేప రెండంగుళాల పిల్లలను అరెకరానికి 25 నుంచి 50 దాకా వదలండి. ఈ వరుస మార్చకండి. బాస్ వచ్చేసరికి హైబ్రిడ్‌లు వాటి నోటికి పట్టనంత పెరిగి ఉండాలి. అదే సమయానికి, ఆ వేసవిలో పుట్టే కొద్దిపాటి రెండో తరం పిల్లలు బాస్‌కు ఆహారమవుతాయి.

చిన్న చెరువులో బాస్ ఎందుకు, చానెల్ క్యాట్‌ఫిష్ చాలదా అని అడుగుతారు. హైబ్రిడ్, క్యాట్‌ఫిష్ జంటగా పెంచడం ఎకరం లోపు చెరువుల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతే, మేత రెండూ కలిసి తింటాయి. కానీ క్యాట్‌ఫిష్ పిల్ల చేపలను బాస్‌లా వెంటాడి తినదు. అరెకరానికి యాభై క్యాట్‌ఫిష్ వేసుకోండి, ఇంట్లో వాళ్లకు మరో రుచి దొరుకుతుంది, అయితే బాస్‌ను మాత్రం మానకండి. పైగా మొదటి మూడు నాలుగేళ్లు గాలానికి చిక్కిన బాస్‌ను తిరిగి చెరువులోకే వదలండి. చిన్న చెరువులో బాస్ కిక్కిరిసి సన్నగా, పన్నెండు అంగుళాల దగ్గరే ఆగిపోతే బాస్ కోసం చెరువు పెట్టుకున్నవాడు బాధపడాలి గానీ మీరు కాదు. చిన్న పిల్లలను ఏరి తినేది ఆ పన్నెండు అంగుళాల బాసే, దాని పుణ్యాన మిగిలిన సన్‌ఫిష్‌కు చోటు, మేత దక్కుతాయి.

పిల్లలను ఆక్సిజన్ నింపిన సంచుల్లో తెస్తారు. సంచిని విప్పకుండా పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నీడలో, చెరువు నీటి మీద తేలనివ్వండి. ఆ తరువాత మూతి విప్పి రెండు మూడు దోసిళ్ల చెరువు నీరు పోసి ఐదు నిమిషాలు ఆగండి, మళ్లీ పోయండి, చివరకు సంచిని పక్కకు వంచి పిల్లలు తమంతట తాము ఈదిపోయేలా చేయండి. సంచిని ఎత్తి కుమ్మరిస్తే అప్పటికప్పుడు ఏమీ కాకపోవచ్చు. వేడి తేడాకు దెబ్బతిన్న పిల్లలు రెండు రోజుల తరువాత అడుగున చస్తాయి, మీ కంటికి కూడా కనబడవు.

మేత

హైబ్రిడ్ సన్‌ఫిష్‌ను పెంచడంలో ఉన్న ఆనందమంతా మేత వేసే వేళే. పెద్ద నోరు, దూకుడు స్వభావం ఉన్న ఈ చేప గుళికల మేతకు బ్లూగిల్ కంటే త్వరగా అలవాటుపడుతుంది. 32 నుంచి 40 శాతం ప్రొటీన్ ఉన్న తేలే గుళికలనే కొనండి. మునిగిపోయే మేత ఎంత తిన్నాయో, ఎంత కుళ్లుతోందో మీకు తెలియదు. పిల్లలకు అంగుళంలో ఎనిమిదో వంతు గుళికలు, పెరిగాక కాస్త పెద్దవి వేయండి. రోజూ ఒకే చోట, ఒకే వేళకు వేస్తే వారం పది రోజుల్లోనే మీ అడుగుల చప్పుడుకు నీటి మీద వలయాలు లేస్తాయి.

ఎంత వేయాలన్నదానికి పదిహేను నిమిషాల్లో చేపలు తినగలిగినంత అన్నదే కొలత. పదిహేను నిమిషాలు గడిచినా గుళికలు తేలుతుంటే మరుసటి రోజు తగ్గించండి. ఏరేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) లేని చెరువులో ఎకరానికి రోజుకు 10 పౌండ్లు దాటకపోవడం మంచిది. నీటి వేడి 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక మొదలుపెట్టి, శరదృతువులో అంతకు తగ్గాక ఆపండి. ఖర్చు లెక్క ఇలా వేసుకోవచ్చు: 350 చేపలు తలా అర పౌండు పెరిగితే 175 పౌండ్లు; పౌండు చేపకు రెండు పౌండ్ల మేత చొప్పున 350 పౌండ్లు, అంటే 50 పౌండ్ల బస్తాలు ఏడు. చెరువులోని పురుగులు, నీటి కీటకాలు కూడా వాటి ఆహారమే కాబట్టి అసలు ఖర్చు దీనికంటే తగ్గవచ్చు. మేత వేసే చెరువుకు ఎరువు వేయకండి, మేత వ్యర్థమే ఎరువవుతుంది.

వేసవిలో తెల్లవారుజాము

చేపలు ఒక్కసారిగా చచ్చిపోవడానికి ఎక్కువగా కారణం రోగం కాదు, ఆక్సిజన్ తగ్గడం. 20 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే ఇముడుతుంది. పైగా రాత్రంతా నాచు, చేపలు, కుళ్లే పదార్థం అన్నీ దాన్నే వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు అది కనిష్ఠానికి పడిపోతుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టి గాలి ఆడకపోతే, లేదా మండుటెండల నడుమ చల్లటి వాన పడి అడుగు నీరు పైకి తిరగబడితే ప్రమాదం. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపలు సుఖంగా ఉంటాయి, 3 కంటే తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది. అలాంటి రోజుల్లో సూర్యోదయానికి ముందే చెరువు దగ్గరికి వెళ్లండి. చేపలు పైకి తేలి, నీటి మట్టం దగ్గర నోళ్లు తెరిచి మూస్తూ, మీరు దగ్గరికి వెళ్లినా కదలకుండా ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి: ఏరేటర్ వేయండి, అది లేకపోతే పంపుతో చెరువు పైపొర నీటినే తోడి మళ్లీ చెరువులోకే గాలిలోంచి చిమ్మండి. పంపు పీల్చే గొట్టాన్ని అడుగుకు దించవద్దు. అడుగు నీటిలో ఆక్సిజన్ ఉండదు, అది పైకి వస్తే మరింత నష్టం. ఆ రోజూ, మరుసటి రోజూ మేత వేయకండి. అరెకరం దాటిన చెరువులో చేపలను ఒత్తుగా పెంచదలిస్తే ఏరేటర్‌కు పెట్టే డబ్బు వృథా కాదు.

పట్టుబడి, మళ్లీ పిల్లలు

నీరు 70 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరిన మే నెలలో ఒడ్డు పక్కన రెండు మూడు అడుగుల లోతులో పళ్లెంలా గుండ్రని గుంటలు వరుసగా కనిపిస్తాయి. మగచేపలు తోకతో మట్టి ఊడ్చి కట్టుకున్న గూళ్లవి. ఆడవి లేకపోయినా మగవి గూళ్లు కడతాయి కాబట్టి వాటిని చూసి కంగారుపడవద్దు. నిజం తెలియాలంటే జూలైలో పదిహేను అడుగుల చిన్న వలను ఒడ్డు వెంట నాలుగైదు చోట్ల లాగి చూడండి. అంగుళం పిల్లలు అక్కడక్కడా పడితే బాస్ తన పని తాను చేస్తోంది. ప్రతి లాగుకూ డజన్ల కొద్దీ మూడు నాలుగు అంగుళాల చేపలు పడితే, వాటిలో పెద్దనోటి గ్రీన్ సన్‌ఫిష్ పోలికలు కనిపిస్తే, మరికొన్ని బాస్‌లు వేయవలసిన సమయం వచ్చినట్టే.

రెండో ఏటి నుంచి ఎనిమిది అంగుళాలు దాటిన చేపలను పట్టుకోవచ్చు. ఆ పొడవుకు చేప దాదాపు అర పౌండు తూగుతుంది. గాలానికి ఇవి చాలా తేలిగ్గా పడతాయి, పిల్లలకు గాలం నేర్పడానికి ఇంతకు మించిన చేప లేదు. అయితే ఆ సులువే ప్రమాదం కూడా. ఒకే వారాంతంలో నలుగురు స్నేహితులు కూర్చుంటే చెరువులో సగం చేపలు ఖాళీ అవుతాయి. ఎన్ని పట్టారో ఒక పుస్తకంలో రాసుకోండి. వేసిన పిల్లల్లో సగం బయటికి వచ్చేసరికి కొత్తవి వేయాలి. ఈసారి చెరువులో పెద్ద బాస్ ఉంటుంది కాబట్టి రెండంగుళాల పిల్లలు దాని నోట్లోకే పోతాయి. ధర ఎక్కువైనా ఐదు అంగుళాల పైబడినవే కొనండి. తెల్లటి, మెత్తటి మాంసం, సన్నని ముళ్లు ఉన్న ఈ చేప పులుసు కంటే వేపుడుకే బాగుంటుంది. పొలుసు తీసి, రెండు పక్కలా కత్తిగాట్లు పెట్టి, ఉప్పు కారం పసుపు పట్టించి అరగంట ఆగితే చాలు.

మిగిలిన చేపలను పక్క వాగులోనో ఊరి చెరువులోనో వదలడం మాత్రం ఎప్పుడూ చేయకండి. 1960లో చికాగో మేయర్ జపాన్ యువరాజు అకిహితోకు కానుకగా ఇచ్చిన బ్లూగిల్ ఆ దేశంలో బీవా సరస్సు దాకా పాకి అక్కడి చేపలను దెబ్బతీసింది. 2007లో చక్రవర్తి హోదాలో ఆయనే దానికి బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. హైబ్రిడ్‌కూ అదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఐదారేళ్లకు వలలో రెండో తరం చేపలే ఎక్కువ పడుతూ, మేతకు వచ్చే పెద్ద చేపలు నానాటికీ తగ్గుతుంటే, కొత్త పిల్లలు కొని కలిపితే బాగవుతుందని ఆశపడకండి. ఆ ఏడాది వేసవి చివర నీరు బాగా తగ్గినప్పుడు పెద్ద చేపలన్నిటినీ పట్టేసి, చెరువు తోడించి, అడుగు ఎండబెట్టండి. అదే అదనులో పూడిక తీయించి, అంచుల వాలు సరిచేయించి, సున్నం అవసరమైతే చల్లించండి. శీతకాలపు వానలకు చెరువు నిండాక తరువాతి అక్టోబరుకు హేచరీలో పిల్లలను ముందుగానే చెప్పి ఉంచుకోండి. ఆ నెలల్లో గిరాకీ ఎక్కువ, అప్పటికప్పుడు వెళితే మీరు కోరిన సైజు దొరకకపోవచ్చు.